ఒక తెలుగు వెబ్‌పేజీ ఎలా తయారవుతుంది? ఫ్రీలాన్స్ డెవలపర్ పనిలోని విజ్ఞానం

ఫోన్‌లో ఒక లింకును తాకగానే తెలుగు పేజీ తెరుచుకుంటుంది. అక్షరాలు, బొమ్మలు, ధరలు, నింపవలసిన ఫారం అన్నీ రెండు మూడు సెకన్లలో కనిపిస్తాయి. అన్నిసార్లూ అలా జరగదు. ఒక్కోసారి తెర తెల్లగానే ఉండిపోతుంది. ఒక్కోసారి కింది వరుస గుడులు పై వరుస వత్తుల మీదికి ఎక్కుతాయి. ఒక్కోసారి పేరు రాసే గడి సగం పేరు దగ్గరే ఆగిపోతుంది. ఈ తేడాలన్నిటికీ కారణం ఆ పేజీని తయారు చేసినవారు తీసుకున్న చిన్న చిన్న నిర్ణయాలు. వాటిలో చాలావాటి వెనుక భౌతికశాస్త్రం, గణితం, భాషాశాస్త్రం, దృష్టి విజ్ఞానం ఉన్నాయి.

ఈ పనిని పెద్ద కంపెనీలే చేయనక్కరలేదు. ఏ సంస్థలోనూ నెల జీతం తీసుకోకుండా, ఒక్కో పనిని ఒప్పుకొని పూర్తి చేసి ఇచ్చేవారిని ఫ్రీలాన్స్ డెవలపర్లు అంటారు. చిన్న దుకాణాలు, బడులు, క్లినిక్‌లు, స్వచ్ఛంద సంస్థలు, రచయితలు తమ వెబ్‌సైట్ల కోసం ఎక్కువగా వీరినే ఆశ్రయిస్తారు. రూపకల్పన, కోడింగ్, పరీక్ష, మరమ్మతు అన్నీ ఒక్కరే చూసుకోవాలి కాబట్టి వీరికి అన్ని విద్యలూ కొంతకొంత రావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చేనేత సహకార సంఘం తమ చీరలను కొనుగోలుదారులకు నేరుగా అమ్మాలనుకుంటోంది. అందుకు తెలుగులో ఒక వెబ్‌సైటు కావాలని ఊళ్లోనే ఉండే ఒక ఫ్రీలాన్స్ డెవలపర్‌ను అడిగింది అనుకుందాం. ఇరవై చీరల ఫోటోలు, ధరలు, ఆర్డరు ఫారం ఉంటే చాలు. చూడటానికి చిన్న పనే. కానీ పేజీ తెరుచుకోక ఒక కొనుగోలుదారు విసుగెత్తి వెళ్లిపోతే నష్టపోయేది మగ్గం మీద రోజుల తరబడి కూర్చున్న నేతగాడు. అందుకే ఆమె కోడ్ రాయడానికి ముందు ప్రశ్నలు అడుగుతుంది. ఎవరు చూస్తారు? ఏ ఫోన్‌లో చూస్తారు? వారికి అన్నిటికన్నా ముందు ఏం కనిపించాలి? మొదటి కొద్ది రోజుల పని కంప్యూటర్ మీద కన్నా కాగితం మీదే ఎక్కువగా సాగుతుంది.

మూడు భాషలు, మూడు బాధ్యతలు

వెబ్‌పేజీకి మూడు భాషలు ఆధారం. మొదటిది హెచ్‌టీఎంఎల్. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది చిత్రం, ఏది బటన్ అని ఇది చెబుతుంది. రెండవది సీఎస్ఎస్. రంగులు, పరిమాణాలు, అమరిక దీని బాధ్యత. మూడవది జావాస్క్రిప్ట్. బటన్ నొక్కితే ఏం జరగాలి, ఫారంలో తప్పు ఉంటే ఏమని చెప్పాలి వంటి కదలికలను ఇది చూస్తుంది. నాటకంతో పోలిస్తే మొదటిది కథ, రెండవది వేషం, మూడవది అభినయం.

వీటికి ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్ లీ, శాస్త్రవేత్తలు తమ పత్రాలను సులువుగా పంచుకోవడం కోసం 1989లో వెబ్‌ను ప్రతిపాదించారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ నిర్ణయం లేకపోతే ఈనాడు ఊళ్లో కూర్చుని వెబ్‌సైట్లు తయారు చేసే వృత్తే ఉండేది కాదేమో. హాకన్ వియం లీ 1994లో సీఎస్ఎస్‌ను ప్రతిపాదించారు. బ్రెండన్ ఐక్ 1995లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని పది రోజుల్లో సిద్ధం చేశారు.

అనుభవమున్న డెవలపర్ ఈ మూడింటి వరుసను మార్చరు. వేషం వేయకపోయినా కథ అర్థం కావాలి. సీఎస్ఎస్ రాకపోయినా చీర పేరు, ధర, ఫోన్ నంబరు కనిపించాలి. జావాస్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయినా ఆర్డరు ఫారం పనిచేయాలి. నెట్‌వర్క్ సరిగా అందని చోట ఈ క్రమమే పేజీని నిలబెడుతుంది.

'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించాలి. ప్రపంచ లిపులన్నిటికీ ఇలా సంఖ్యలు ఇచ్చే ప్రమాణమే యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, అంకెలు అన్నీ ఆ గదిలోనే ఉంటాయి.

తెలుగులో ఉన్న గుణింతాలు, సంయుక్తాక్షరాలు వేల సంఖ్యలో ఉంటాయి. అవన్నీ 128 స్థానాల్లో పట్టవు. కాబట్టి వాటిని ముక్కలుగా నిల్వ చేస్తారు. 'స్త్రీ' అని రాసినప్పుడు కంప్యూటర్ దాచుకునేది ఇది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుడి. కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు.

ఈ సంకేతాలను వెబ్‌లో పంపడానికి వాడే పద్ధతి యూటీఎఫ్-8. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో దీన్ని రూపొందించారు. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే 'స్త్రీ'కి 18 బైట్లు. ఇది తెలుగుకు భారం కాదా అని అనిపించవచ్చు. లెక్క వేస్తే భయపడాల్సిందేమీ లేదు. 20 వేల సంకేతాలున్న పెద్ద వ్యాసం కూడా 60 కిలోబైట్లే. పైగా తెలుగు సంకేతాల్లో మొదటి రెండు బైట్లు రెండే రెండు రకాలుగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఇలా పునరావృతమయ్యే సమాచారాన్ని కుదించి పంపడం సర్వర్లకు తేలిక.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఆర్డరు ఫారంలో పేరుకు 20 'అక్షరాల' పరిమితి పెట్టారనుకుందాం. 'లక్ష్మి' అనే పేరులో మనకు కనిపించేవి రెండు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఏడు సంకేతాలు. బైట్ల లెక్కలో 21. పరిమితిని బైట్లలో కొలిచే వ్యవస్థ అయితే ఈ చిన్న పేరునే తిరస్కరిస్తుంది. పరిమితి దాటిన భాగాన్ని ఎక్కడపడితే అక్కడ కత్తిరిస్తే సగం విరిగిన వత్తు మిగులుతుంది. ఒకరి పేరును వారి భాషలోనే సరిగా తీసుకోలేని ఫారం వారిని గుమ్మం దగ్గరే ఆపేసినట్టు. అందుకే తెలుగు సైటు చేసే డెవలపర్ ఇలాంటి పేర్లతోనే ఫారాన్ని పరీక్షిస్తుంది.

ముక్కలను కలిపి అక్షరంగా చూపే ప్రక్రియను 'షేపింగ్' అంటారు. ఫాంటులో ఉండే నియమాల పట్టికను చదివి, ఫలానా సంకేతాల వరుస వస్తే ఫలానా ఆకృతిని ఫలానా చోట పెట్టాలి అని నిర్ణయించే ప్రోగ్రాం ఒకటి బ్రౌజర్‌లో ఉంటుంది. హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటిదే. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు అక్షరాలను కూర్చేది అదే. ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అనే తెలుగు అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల వరుసను తెరపై చూపలేక ఐఫోన్లలోని కొన్ని యాప్‌లు ఉన్నపళంగా మూతపడ్డాయి. అదే నెలలో ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేసింది. ఒక భాషను ప్రతి దశలోనూ పరీక్షించాలనే పాఠాన్ని ఆ ఘటన సాఫ్ట్‌వేర్ రంగానికి నేర్పింది.

ఫాంటు ఎంపిక: అందంతో పాటు లెక్కలు

యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు సైట్లకు ఒక ఉమ్మడి పద్ధతి లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు ఆకృతులను కూర్చిన సొంత ఫాంట్లను ఒక్కో సంస్థ ఒక్కోలా వాడేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పేజీ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల కుప్పగా కనిపించేది. సెర్చ్ ఇంజన్లు వాటిని తెలుగుగా గుర్తించలేవు. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని పలకలేదు. అలా రాసిన ఎంతో సమాచారం వెతికినా దొరకని స్థితిలో మిగిలిపోయింది. ఇప్పుడు కూడా డీటీపీ కేంద్రాల నుంచి వచ్చే పాఠ్యం తరచుగా పాత పద్ధతిలోనే ఉంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూడటం ఫ్రీలాన్సర్ పనిలో భాగమే.

2001లో విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు రావడంతో మామూలు కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు కనిపించడం మొదలైంది. తరువాత 'పోతన', 'వేమన' వంటి ఉచిత ఫాంట్లు ఎంతోమందికి అందాయి. ఇటీవలి కాలంలో సిలికానాంధ్ర చొరవతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు, సురవరం వంటి పేర్లతో అనేక ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నోటో కుటుంబంలోనూ తెలుగు ఫాంట్లు ఉన్నాయి. డెవలపర్‌కు ఇది పెద్ద ఆస్తి.

అయితే ఫాంటు పేరు రాసి వదిలేస్తే సరిపోదు. ఇంగ్లీషు అక్షరాలు దాదాపు ఒకే గీత మీద కూర్చుంటాయి. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. ఇంగ్లీషుకు సరిపడే వరుసల ఎడం పెడితే కింది వరుస గుడి పై వరుస వత్తును తాకుతుంది. కాబట్టి అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఎడం ఇవ్వడం మంచిది. ఇంగ్లీషు శీర్షికల్లో అక్షరాల మధ్య ఖాళీని పెంచే అలంకారం తెలుగుకు నప్పదు, వత్తులూ గుడులూ తమ అక్షరాలకు దూరమైనట్టు కనిపిస్తాయి. ఇంగ్లీషు డిజైన్‌లో పాఠ్యాన్ని మాత్రమే తెలుగులోకి మార్చి అంటించిన సైట్లు అతుకులబొంతలా అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఫాంటుకు బరువు కూడా ఉంటుంది. సంయుక్తాక్షరాల ఆకృతులన్నీ చేర్చాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కన్నా సాధారణంగా పెద్దది. వెబ్ కోసం వాటిని వాఫ్-2 అనే కుదించిన రూపంలో పంపుతారు. ఫాంటు వచ్చేదాకా ఫోన్‌లో ముందే ఉన్న తెలుగు ఫాంటుతో పాఠ్యాన్ని చూపించి, వచ్చాక మార్చమని సీఎస్ఎస్‌లో ఒక్క మాట రాస్తే చాలు. చదివేవారు ఖాళీ తెరను చూస్తూ కూర్చోనక్కరలేదు.

వేగానికి కాంతి పెట్టే హద్దు

పేజీ ఎంత త్వరగా తెరుచుకోవాలి? మనిషి ఓపిక మీద జరిగిన అధ్యయనాల ఆధారంగా జాకబ్ నీల్సన్ 1993లో మూడు హద్దులు చెప్పారు. 0.1 సెకను లోపు స్పందన వస్తే అది తక్షణం జరిగినట్టే అనిపిస్తుంది. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది.

ఈ హద్దుల లోపల పనిచేయాలంటే ముందు దూరాన్ని లెక్కించాలి. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సర్వర్ 12 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే పోవడానికి 60 మిల్లీసెకన్లు, రావడానికి మరో 60. సురక్షితమైన కనెక్షన్ కుదిరి మొదటి సమాచారం అందడానికి సాధారణంగా మూడు సార్లు ఇలా తిరగాలి. అంటే తెరపై ఏమీ కనిపించకముందే 360 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. ఎంత ఖరీదైన కంప్యూటర్ కొన్నా ఈ సమయాన్ని తగ్గించలేం. సర్వర్‌ను దగ్గరకు తేవడమొక్కటే మార్గం. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్ అయితే అదే పని 30 మిల్లీసెకన్లలో అవుతుంది. తరచుగా అడిగే ఫైళ్ల నకళ్లను అనేక నగరాల్లో ఉంచే సీడీఎన్ వ్యవస్థల వెనుక ఉన్న సూత్రం ఇదే.

తరువాతది బరువు. సంఘంవారు ఫోన్‌తో తీసిన ఒక్కో ఫోటో 4 మెగాబైట్లు ఉందనుకుందాం. ఇరవై ఫోటోలంటే 80 మెగాబైట్లు. సెకనుకు 2 మెగాబిట్ల వేగం అందే చోట వాటిని దించుకోవడానికి 320 సెకన్లు, అంటే ఐదు నిమిషాల పైమాటే. నీల్సన్ చెప్పిన పది సెకన్ల ఓపిక ఎప్పుడో తీరిపోతుంది.

కెమెరా ఇచ్చే చిత్రం వెడల్పు నాలుగు వేల పిక్సెళ్ల వరకు ఉంటుంది. ఫోన్ తెరకు వెయ్యి పిక్సెళ్ల వెడల్పు చాలు. చిత్రాన్ని ఆ పరిమాణానికి తగ్గించి, జేపెగ్ పద్ధతిలో కుదిస్తే ఒక్కోటి 80 కిలోబైట్లకు వచ్చిందనుకుందాం. ఇరవై చిత్రాలకూ కలిపి 1.6 మెగాబైట్లు, సమయం 6.4 సెకన్లు. తెరపై ముందుగా కనిపించే నాలుగు చిత్రాలనే పంపి, మిగతావి కిందికి జరుపుతున్నప్పుడు పంపితే ఒకటిన్నర సెకను కూడా పట్టదు.

జేపెగ్ కుదింపు వెనుక ఒక భారతీయుడి ఆలోచన ఉంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974లో 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్' అనే గణిత పద్ధతిని ప్రచురించారు. చిత్రాన్ని నిలువునా అడ్డంగా ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడినీ నెమ్మదిగా మారే అలలు, వేగంగా మారే అలల మొత్తంగా జేపెగ్ రాస్తుంది. మన కన్ను నెమ్మదైన మార్పులను బాగా గుర్తిస్తుంది, మరీ సూక్ష్మమైన మార్పులను అంతగా పట్టించుకోదు. కాబట్టి ఆ సూక్ష్మ వివరాలను కొంత వదిలేసినా చిత్రం బాగానే కనిపిస్తుంది. హద్దు దాటి వదిలేస్తే మాత్రం జరీ అంచు అలుక్కుపోతుంది. కొనేవారు చూడాలనుకునేది ఆ అంచునే. అందువల్ల ప్రతి చీర ఫోటోనూ కంటితో చూసి కుదింపును నిర్ణయించుకోవాలి.

ఒకే పేజీ, అనేక తెరలు

ఒకప్పుడు కంప్యూటర్‌కు ఒక సైటు, ఫోన్‌కు మరో సైటు తయారు చేసేవారు. 2010లో ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అనే పేరుతో వేరే దారి చూపారు. వెడల్పులను స్థిరమైన పిక్సెళ్లలో కాక నిష్పత్తుల్లో చెప్పడం, చిత్రాలు తమ గడిలో ఒదిగేలా చేయడం, తెర వెడల్పును బట్టి అమరికను మార్చే నియమాలు రాయడం ఆ దారిలోని మూడు మెట్లు. ఫోన్‌లో ఒక్క వరుసలో కనిపించే చీరలు, ట్యాబ్‌లో రెండు వరుసలుగా, పెద్ద తెర మీద నాలుగుగా సర్దుకుంటాయి. పాత్రను బట్టి నీళ్లు రూపం మార్చుకున్నట్టే ఇదీ.

అందరూ చదవగలగాలి

2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. వయసుతో చూపు మందగించినవారు, ఎండలో నిలబడి ఫోన్ చూసేవారు, ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని మరో చేత్తో ఫారం నింపే తల్లులు వీరికి అదనం. వీరందరికీ పేజీ అందేలా చేయడాన్ని 'యాక్సెసిబిలిటీ' అంటారు.

ఇందులో రంగుల తేడాను కచ్చితంగా కొలవవచ్చు. మన కన్ను అన్ని రంగులనూ ఒకే కాంతితో చూడదు. తెర మీది తెలుపు కాంతిలో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపు 21 శాతం, నీలం 7 శాతం. ఈ లెక్కతో అక్షరం కాంతినీ నేల కాంతినీ పోల్చి ఒక నిష్పత్తి గణిస్తారు. తెలుపు మీద నలుపుకు అది 21. మామూలు పరిమాణంలోని పాఠ్యానికి కనీసం 4.5 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలుపు మీద స్వచ్ఛమైన నీలానికి 8.6 వస్తుంది. స్వచ్ఛమైన ఎరుపుకు 4 మాత్రమే. స్వచ్ఛమైన పసుపుకు 1.07, అంటే ఉన్నా లేనట్టే. శుభకార్యాల మీద మక్కువతో తెల్లని నేల మీద పసుపు అక్షరాలు కావాలని ఎవరైనా అడిగితే, ముదురు కుంకుమ రంగు నేల మీద పసుపు పెట్టి చూపించవచ్చు. రంగులు అవే, చదవడానికీ వీలుగా ఉంటాయి.

చూపులేనివారు పేజీని వింటారు. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పాఠ్యాన్ని పలుకుతుంది. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో ఒక చిన్న గుర్తు పెడితేనే దానికి ఏ ఉచ్చారణ వాడాలో కచ్చితంగా తెలుస్తుంది. ప్రతి చిత్రానికీ వర్ణన రాయాలి. 'చిత్రం 7' అని రాస్తే వినేవారికి ఏమీ తెలియదు. 'ముదురు ఆకుపచ్చ పట్టు చీర, ఎర్రని అంచు, కొంగు మీద నెమళ్లు' అని రాస్తే వారు కూడా ఎంచుకోగలరు. స్టాకు ఉందో లేదో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలతో మాత్రమే చెప్పకూడదు. ఆ రెండు రంగుల తేడా గుర్తించలేని వర్ణాంధత్వానికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. పురుషులకు అది ఒక్కటే ఉంటుంది కనుక వారిలో ఈ లోపం ఎక్కువ. చుక్క పక్కన 'ఉంది', 'లేదు' అని రాస్తే సమస్య తీరిపోతుంది.

ఇది దయతో చేసే పని అనుకోకూడదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సమాచార సాంకేతికతలోనూ అందుబాటును కోరుతోంది. డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది.

నేర్చుకోవడం: ఒకసారి ఒక్క మార్పు

ఈ విద్యలో చేరడానికి ఫలానా డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. ఏ వెబ్‌పేజీ అయినా తన హెచ్‌టీఎంఎల్‌ను చదివేవారికి చూపిస్తుంది. వంటగదిలోకి ఎవరినైనా రానిచ్చే హోటల్ లాంటిదన్నమాట. చాలామంది మొదట నేర్చుకున్నది ఇతరుల పేజీల కోడ్‌ను తెరిచి చూసే. 2003లో డేవ్ షే మొదలుపెట్టిన 'సీఎస్ఎస్ జెన్ గార్డెన్' ఈ అలవాటును ఒక బడిగా మార్చింది. అక్కడ హెచ్‌టీఎంఎల్ అందరికీ ఒకటే. దాన్ని ముట్టుకోకుండా సీఎస్ఎస్ మాత్రమే మార్చి డిజైనర్లు పంపిన రూపాలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉంటాయి. మొజిల్లా నిర్వహించే ఎండీఎన్ పత్రాలు, ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలు, మన దేశపు స్వయం వేదిక మీది కోర్సులు ఈనాటి విద్యార్థులకు అందుబాటులో ఉన్నాయి.

చదవడం కన్నా తప్పులను వెతికి పట్టుకోవడం ఎక్కువ నేర్పుతుంది. ఇది ప్రయోగశాల పద్ధతే. ఒక ఊహ చేయాలి, ఒకే ఒక్క మార్పు చేయాలి, ఫలితం గమనించాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నిన్నటిదాకా బాగున్న ఫారం ఈరోజు ఆగిపోయింది, ఈ మధ్యలో వెయ్యి మార్పులు జరిగాయి అనుకుందాం. ఒక్కొక్కటిగా చూస్తే రోజులు పడతాయి. సరిగ్గా మధ్యలోని కూర్పును తెరిచి చూస్తే తప్పు ముందు సగంలో ఉందో వెనుక సగంలో ఉందో తెలిసిపోతుంది. ఇలా సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే పది పరీక్షలలో దోషి దొరుకుతుంది, ఎందుకంటే రెండును పదిసార్లు హెచ్చిస్తే 1024. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారు చేసిన 'గిట్' సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ దాచిపెట్టి ఈ వెతుకులాటను సులువు చేస్తుంది.

ప్రేరణ మగ్గం దగ్గరే ఉంది

డిజైనర్లు ప్రేరణ కోసం ఇతర సైట్లనే చూస్తుంటే అన్నీ ఒకేలా తయారవుతాయి. చుట్టూ ఉన్న కళల్లో నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. చుక్కల ముగ్గులో ముందు చుక్కల వరుసలు, తరువాత గీతలు. పేజీ అమరికలో గ్రిడ్ చేసే పని కూడా అదే. ఇక్కత్ నేతలో నమూనా అంతా గళ్ల కాగితం మీద ముందే లెక్క వేసుకుని, ఏ నూలు ఏ చోట రంగు పీల్చకూడదో అక్కడ కట్టు కట్టి, ఆ తరువాతే నేస్తారు. ఒక్కో గడికి ఒక్కో రంగు కేటాయించే పిక్సెల్ చిత్రానికి అది దగ్గరి చుట్టం.

చుట్టరికం అక్కడితో ఆగదు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో రంధ్రాలున్న అట్టలతో నడిచే మగ్గాన్ని రూపొందించాడు. రంధ్రం ఉంటే పోగు పైకి లేస్తుంది, లేకపోతే లేవదు. చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి ఇలాంటి అట్టలనే వాడాలని తలపెట్టాడు. హెర్మన్ హోలెరిత్ అలాంటి కార్డులతోనే 1890 నాటి అమెరికా జనగణనను లెక్కించాడు. 'ఉంది, లేదు' అనే రెండు గుర్తులతో సూచనలు రాసే పద్ధతి కంప్యూటర్లలోకి అలా వచ్చింది. మన చేనేత ఇళ్లలో ఈనాటికీ జకార్డు అట్టలు కనిపిస్తాయి. నేతగాళ్ల కోసం వెబ్‌సైటు తయారు చేసే డెవలపర్ వాడే యంత్రానికి మగ్గం ముత్తాత వరుస అవుతుంది.

అప్పగించే ముందు

పని పూర్తయిందని చెప్పే ముందు డెవలపర్ చేయాల్సినవి కొన్ని మిగిలి ఉంటాయి. తన దగ్గరున్న మంచి ఫోన్‌లో కాకుండా, దొరికినంతలో తక్కువ ధర ఫోన్‌లో, నెట్ వేగాన్ని కావాలని తగ్గించి సైటును చూడాలి. మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఆర్డరు పెట్టి చూడాలి. తెర ఆపేసి స్క్రీన్ రీడర్‌తో విని చూడాలి. సంఘంలోని ఒక పెద్దావిడ చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని గమనిస్తే పుస్తకాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

ఫారంలో అవసరమైన వివరాలే అడగాలి. చీర పంపడానికి పేరు, చిరునామా, ఫోన్ నంబరు చాలు. పుట్టిన తేదీ అక్కరలేదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 కూడా పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలంటోంది.

చివరిది యాజమాన్యం. సైటు చిరునామా, దాన్ని నడిపే ఖాతాలు సంఘం పేరు మీదే ఉండాలి. సంకేతపదాలు, ఫోటోల అసలు నకళ్లు, కొత్త చీరను ఎలా చేర్చాలో తెలుగులో రాసిన రెండు పేజీల కాగితం సంఘం కార్యాలయానికి అందాలి. రేపు ఆ డెవలపర్ మరో ఊరికి వెళ్లినా, ఈ పని మానేసినా దుకాణం మూతపడకూడదు. మూడేళ్ల తరువాత మరొకరు వచ్చి కోడ్ తెరిస్తే ఏది ఎందుకు రాశారో వారికి అర్థం కావాలి. దానికి కావలసినవి శుభ్రంగా పేర్లు పెట్టిన ఫైళ్లు, మధ్యమధ్యలో మామూలు మాటల్లో రాసిన వివరణలు. ఆ రెండు ఉంటే సైటును మరమ్మతు చేసుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.